లేదనడం రాని లైబ్రరీ

విజయవాడ ఆటోనగర్‌ను సముద్రాల అవతలి ఆన్‌లైన్ అంగడితో కలిపిన మొదటి మనిషిని నేనే. ఈ మాట చాలా సభల్లో చెప్పాను. సభలంటే మా అపార్ట్‌మెంటు వినాయక చవితి పందిట్లో రెండుసార్లు, మా మేనల్లుడు పాఠాలు చెప్పే కాలేజీలో ఒకసారి. ఎవరూ కాదనలేదు. కాదనగలిగిన ఇద్దరినీ నేను ఆ సభలకు పిలవలేదు.

ఇప్పుడు అచ్చులోకి వస్తోంది కాబట్టి కొంచెం తగ్గించుకుంటాను. మొదటి మనిషిని కాకపోవచ్చు. మా వీధిలో మొదటివాణ్ణి. కలిపింది నేనొక్కణ్ణే కాదు. కలపడానికి ఏ లైబ్రరీ వాడాలో ఎంచింది మాత్రం నేనే. ఆ ఎంపిక ఎలా జరిగిందో, దాని పుణ్యమా అని ఒక పెద్దమనిషి గోడౌన్ పాత ఇనుములోకి పోబోయి ఎలా ఆగిందో, ప్రోగ్రాములు రాసే ఉద్యోగాల్లో కొత్తగా చేరిన మీకు చెబుదామని కూర్చున్నాను.

తొంభైల్లో బెజవాడలో కంప్యూటరంటే నా పేరే చెప్పేవాళ్లు. సరే, బెజవాడంతా కాదు. ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ ఉండేది, అందులో ముగ్గురు మాస్టర్లం, నేను మూడోవాణ్ణి. సాయంత్రాలు ఆటోనగర్ షాపులకు స్టాకు ప్రోగ్రాములు రాసిచ్చేవాణ్ణి. రెండువేల సంవత్సరం దాటాక ఇన్‌స్టిట్యూట్ మూతపడింది. నేను ఆటోనగర్‌లోనే, లారీల కమాన్‌కట్టలు, అంటే స్ప్రింగు పట్టీలు, బాగుచేసే షెడ్డు మీద ఒక గది తీసుకుని సాఫ్ట్‌వేర్ కంపెనీ అని బోర్డు పెట్టాను. కింద సుత్తి పడ్డప్పుడల్లా పైన మానిటర్ కదిలేది. ఉద్యోగులం ఇద్దరం: నేను, పామర్రు నుంచి రోజూ బస్సులో వచ్చే ఒకమ్మాయి. ఎంసీయే చదివింది. హైదరాబాదు పోకుండా మా షెడ్డెక్కడానికి కారణమేంటని అడిగితే, "సాయంత్రానికి ఇంటికి పోవచ్చు కదండీ" అంది. అంతకంటే మంచి కారణం మా కంపెనీ గురించి నేనూ చెప్పలేకపోయేవాణ్ణి.

మా మెట్ల పక్కనే ఒక స్పేర్ పార్టుల షాపు. దాని యజమానిని వీధంతా షావుకారు గారనేది. చేపల వేట మీద బతికిన కుటుంబం వాళ్లది. వాళ్ల నాన్న పడవ ఇంజన్ పాడైతే బాగుచేయించడానికి బెజవాడ తిరిగి తిరిగి, చివరికి ఆ ఇంజన్ సామాను ఇక్కడే అమ్మడం మొదలుపెట్టాడట. ఒంటి సిలిండర్ పాత డీజిల్ ఇంజన్. ఒకప్పుడు పడవల్లో అదే, పొలాల్లో నీళ్లు తోడడానికీ అదే. నేను చెప్పే నాటికి పడవలకు కొత్త ఇంజన్లొచ్చాయి, పొలాల్లో కరెంటు మోటార్లొచ్చాయి. షాపు వెనక గోడౌన్‌లో మాత్రం పిస్టన్లు, రింగులు, గాస్కెట్లు, నాజిళ్లు, నూనె కాగితాల్లో చుట్టినవి చుట్టినట్టే, పైకప్పు దాకా.

ఆ సరుకు మీద ఎదురు వరుసలోని పాత ఇనుము వ్యాపారి కన్నుంది. వీధిలో అదే ఇంజన్ సామాను పెట్టిన మిగతా షాపులవాళ్లందరి దగ్గరా అప్పటికే తూకానికి కొనేశాడు. వారానికోసారి వచ్చి షావుకారు గారి గోడౌన్ గుమ్మంలో నిలబడి లోపలికి చూసేవాడు. ఆ చూపులోనే కాటా ఉండేది.

"దసరా వెళ్లాక ఎత్తేద్దామా అండీ?" అనేవాడు.

"చూద్దాం లెండి," అనేవారు షావుకారు గారు. అంటే వద్దనడం. ఆ వీధిలో వద్దు, లేదు అనే మాటలు ఎవరి నోటా రావు.

ఇది మీకు వివరంగా చెప్పాలి. ఆటోనగర్‌లో ఏ షాపు ముందు నిలబడి ఏ సామాను అడిగినా వచ్చే జవాబు ఒకటే: "ఉందండీ, కూర్చోండి." మీరు స్టూలు మీద కూర్చుంటారు. టీ వస్తుంది. మీరు టీ ఊదుకుంటుండగా షాపు గుమాస్తా వెనక దారిన పక్క షాపుకు వెళ్లి ఆ సామాను తెస్తాడు. మీరు టీ తాగేసరికి అది కౌంటర్ మీద ఉంటుంది. రేపు పక్కవాడి బేరానికి వీళ్లిస్తారు. అందులో మోసం లేదు. వీధి మొత్తం ఒకే గోడౌన్, గుమ్మాలు మాత్రం వేరు.

అందుకే తొంభైల్లో నేను షావుకారు గారికి స్టాకు ప్రోగ్రాము రాసిచ్చినప్పుడు ఆయన ఒకే ఒక మార్పు అడిగారు. "మాస్టారూ, ఈ తెర మీద సున్నా కనపడకూడదు. కొనడానికొచ్చినవాడు కౌంటర్ మీదికి వంగి చూస్తాడు. సున్నా చూస్తే కూర్చోడు."

"మరి అయిపోతే ఏం చూపించమంటారు?"

"ఒకటి."

ఒక్క లైను. స్టాకు సున్నా అయితే ఒకటి అని రాసుకో. తెర మీద చూపించేటప్పుడు మాత్రమే మార్చి ఉండాల్సింది. అదైతే నాలుగు చోట్ల రాయాలి, బద్ధకించి లెక్కలోనే రాశాను. మిగతా షాపులవాళ్లు చూసి మాకూ ఆ సదుపాయం పెట్టమన్నారు. పెట్టాను. అప్పటి నుంచి మా వీధిలో ఏ షాపులోనూ ఏ సరుకూ అయిపోలేదు. నేను మాత్రం ఆ లైను సంగతి మర్చిపోయాను.

ఇలా ఉండగా ఆస్ట్రేలియాలో ఒకాయన, పాత ఇంజన్లు పోగేసి ఆదివారాలు నడిపించుకునే పిచ్చి ఉన్నాయన, ఎవరి ద్వారానో మెయిల్ రాసి షావుకారు గారి దగ్గర రెండు గాస్కెట్లు తెప్పించుకున్నాడు. తెప్పించుకుని, మీరు ఫలానా ఆన్‌లైన్ అంగడిలో సరుకు పెట్టండి, నాలాంటి వాళ్లు చాలామంది ఉన్నాం అని రాశాడు. ఆ మెయిల్ షావుకారు గారు నా చేత మూడుసార్లు చదివించుకున్నారు.

"పెడదామా మాస్టారూ? ఒకటో రెండో కాదు, మొత్తం?"

మొత్తం అంటే వేల రకాలు. ఒక్కొక్కటి చేత్తో ఎక్కిస్తే దసరా కాదు, మరుసటి దసరా వస్తుంది. ఆ అంగడివాళ్లు దీనికోసమే ఒక వెబ్ సర్వీసు నడుపుతారు: మన ప్రోగ్రాము వాళ్ల ప్రోగ్రాముతో నేరుగా మాట్లాడి, స్టాకు చెప్పి, ఆర్డర్లు తెచ్చుకుంటుంది. ఆ మాట్లాడే భాష మనం మొదటి నుంచీ రాసుకోనక్కర్లేదు, ఇంకెవరో రాసి పెట్టిన లైబ్రరీ తెచ్చి తగిలించుకోవచ్చు. పిస్టన్ కావాలంటే మనం పోత పోసుకుంటామా, కొని బిగిస్తాం కదా. అదే ఇది.

వాళ్ల షరతు మాత్రం గట్టిది. కొత్తగా చేరిన దుకాణం మొదటి కొన్ని నెలలు పరీక్షలో ఉంటుంది. ఉందని చూపించిన సరుకు ఆర్డరొస్తే గడువులోగా పంపాలి. పంపలేకపోతే ఖాతా మూసేస్తారు, మళ్లీ తెరవరు. కొన్నవాడే తనంతట తాను రద్దు చేసుకుంటే తప్ప మాఫీ లేదు.

"అంటే ఒక్క వల వేసే ఛాన్సు," అన్నారు షావుకారు గారు. "తప్పితే మన ఎదురాయన కాటా."

అప్పుడు దొరికే లైబ్రరీలన్నీ ప్రపంచమంతా గాలించి పరీక్షించాను. అంటే రెండు దొరికాయి. రెండూ దించింది ఆ అమ్మాయి.

మొదటిది ఏదో కంపెనీవాళ్లు చేసింది. చూడముచ్చటగా ఉంది. ఎలా వాడాలో బొమ్మలతో వివరం. బిగించిన గంటలో నడిచింది. ఏం పంపినా "సరే, అయింది" అని జవాబు. రెండోది ఎక్కడో ఒక్క మనిషి కూర్చుని రాసింది, ఆ మనిషికి లోకం మీద కోపం ఉన్నట్టుంది. ప్రతి అడుగుకీ ఆగిపోయేది. తేదీ ఇలా రాయకూడదు, బరువు చెప్పలేదు, ఈ పేరు పొడుగెక్కువ, నీ గడియారం వెనకబడింది. తెరంతా ఎర్ర అక్షరాలు.

మొదటిది నా మనసుకు పట్టేసింది. ఆ అమ్మాయికి పట్టలేదు.

"మాస్టారూ, ఇది ప్రతిదానికీ సరే అంటోందండీ. నాకు నమ్మకం కుదరట్లేదు."

"సరే అనేవాళ్లు నచ్చకపోతే ఎట్టా అమ్మాయ్, రేపు పెళ్లిచూపుల్లో ఇబ్బంది పడతావు."

"పోయిన నెల వచ్చినతను అన్నిటికీ సరే అన్నాడండీ. ఉద్యోగం చేస్తానంటే సరే, చెయ్యనంటే సరే. అందుకే వద్దన్నాను."

అని ఊరుకోకుండా వెళ్లి నెట్ వైరు పీకేసింది. పీకి, రెండు లైబ్రరీలనూ ఆర్డర్లు తెమ్మని అడిగింది. రెండోది, అంగడి దొరకట్లేదు, నెట్ ఉందా లేదా చూసుకోండి అని ఎర్రగా అరిచింది. మొదటిది నింపాదిగా, "సరే, కొత్త ఆర్డర్లు ఏమీ లేవు" అంది.

"చూశారా?"

చూశాను. ఏమన్నానో మాత్రం ఏ సభలోనూ చెప్పలేదు. "వైరు పీకితే ఎవరు మాత్రం సరిగ్గా మాట్లాడతారు," అన్నాను.

షావుకారు గారు పైకొచ్చి రెండిటినీ చూశారు. "మాస్టారూ, ఏది మర్యాదగా ఉంటుంది?"

"మొదటిదండీ."

"ఇంకేం మరి. మన పద్ధతి మనిషి."

అలా జరిగింది ఎంపిక. రెండోదాన్ని ఆ అమ్మాయి తన మెషిన్‌లో ఓ పక్కన దాచుకుంది.

స్టాకంతా పైకి పంపాం. సరే, అయింది. నిమిషానికోసారి ఆర్డర్ల కోసం అడిగేలా పెట్టాను, ఆత్రం కొద్దీ. సరే, కొత్త ఆర్డర్లు ఏమీ లేవు. షావుకారు గారు రోజూ పొద్దున్నే షాపు తెరవకముందు మెట్లెక్కి వచ్చేవారు.

"ఏమైనా పడిందా మాస్టారూ?"

"ఇంకా లేదండీ."

మధ్యాహ్నం మళ్లీ వచ్చేవారు. సాయంత్రం వచ్చి ఏమీ అడగకుండా కూర్చునేవారు. ఆర్డరొస్తే మెయిల్ కూడా వస్తుంది కదా అంటారు మీరు. వస్తుంది. ఆ మెయిల్ ఐడీ తెరిచింది నేనే, ప్రోగ్రాము ఉండగా మెయిల్ ఎవరు చూస్తారని వదిలేసింది కూడా నేనే.

కొన్నాళ్లకు మెట్లెక్కడం తగ్గింది. ఒకరోజు నేను కిందికి దిగుతుంటే పాత ఇనుము వ్యాపారి షాపులో కూర్చుని ఉన్నాడు. షావుకారు గారు "చూద్దాం లెండి" అనలేదు. "దసరా వెళ్లాక రండి," అన్నారు. ఆ మాట విన్నాక నేను టీ తాగకుండానే పైకి వచ్చేశాను. నా సంగతి తెలిసినవాళ్లకు ఇది చాలు, నేనెంత కుంగిపోయానో అర్థమవుతుంది.

మర్నాడు ఉదయం ఆ అమ్మాయి చేతిసంచి పెట్టి నిలబడే అడిగింది.

"మాస్టారూ, ఒక్కసారి రెండోదాన్ని నడిపి చూస్తానండీ. మీదాన్ని కదపను."

"నడుపు," అన్నాను. పోయేదేముంది.

నడిపింది. ఎర్ర అక్షరాలు. నేను అలవాటుగా మొహం తిప్పుకున్నాను. ఆ అమ్మాయి చదివింది, మళ్లీ చదివింది.

"మీరు మరీ ఎక్కువసార్లు అడుగుతున్నారు, అందుకని జవాబివ్వం అంటున్నారండీ అంగడివాళ్లు. ఎప్పటి నుంచో ఇదే చెబుతున్నట్టున్నారు."

"మరి మనది కొత్త ఆర్డర్లు లేవంటోంది కదా?"

"వైరు పీకినా అదే అందిగా అండీ."

నిమిషానికోసారి అడిగే నా ప్రోగ్రామును ఆపాం. కాసేపు ఊరుకుని, కోపిష్ఠి లైబ్రరీతో ఒక్కసారి, నెమ్మదిగా అడిగాం. ఆర్డర్లు బిలబిలా వచ్చి పడ్డాయి. ఆస్ట్రేలియా, ఇంగ్లండు, ఇంకేదో నేను పేరు పలకలేని ఊరు. ఇద్దరం నోరు తెరుచుకు చూశాం. తర్వాత ఆ అమ్మాయి వేలు తెర మీద ఒక గడి దగ్గర ఆగింది. పంపాల్సిన గడువు. ఇవాళ.

షావుకారు గారికి చెబితే ఆయనకు సగమే వినపడింది. ఆర్డర్లు వచ్చాయన్న సగం. గోడౌన్‌లోకి ఆయన వెళ్లిన వేగం చూసి గుమాస్తాలు అగ్నిప్రమాదం అనుకున్నారు. రింగులు, గాస్కెట్లు, పిస్టన్లు ఒక్కొక్కటీ దుమ్ము దులిపి, పసిపిల్లల్లా తెచ్చి కౌంటర్ మీద పడుకోబెట్టారు. చివరిది ఇంజెక్టర్ నాజిల్. తెర మీద స్టాకు ఒకటి. పెట్టె తీశారు. నూనె కాగితం ఉంది. కాగితంలో ఏమీ లేదు.

"అదేంటి, కంప్యూటర్‌లో ఒకటి ఉందిగా?" అన్నారు షావుకారు గారు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు ఆ లైను. తొంభైల్లో నేను మిఠాయి పెట్టించుకుని మరీ రాసిన లైను. ఆ అమ్మాయి నావంక చూసింది. నేను ఫ్యాన్ వంక చూశాను.

"ఫరవాలేదు," అన్నారు షావుకారు గారు. "వీధిలో తెద్దాం. మీరు ఆ వైపు వెళ్లండి మాస్టారూ. ఎవరన్నా వస్తారేమో, నేను కౌంటర్‌లో ఉంటాను."

మొదటి షాపులో కూర్చోబెట్టారు, టీ ఇచ్చారు, వాళ్ల గుమాస్తా వెళ్లి ఉత్త చేతులతో వచ్చాడు. రెండో షాపులోనూ అంతే. వీధి మూల షాపాయన మాత్రం నాజిల్ పేరు వినగానే, "ఉందండీ, కూర్చోండి మాస్టారూ," అన్నాడు. ఆ అనడంలో ఉన్న ధీమాకు నా ప్రాణం లేచొచ్చింది. గుమాస్తాను వెనక దారిన పంపాడు. టీ వచ్చింది. సగం తాగానో లేదో జేబులో ఫోను మోగింది. షావుకారు గారు.

"మాస్టారూ, దొరికిందా?"

"దొరికినట్టేనండీ. తెస్తున్నారు."

"దొరికితే రెండు తీసుకోండి. ఇక్కడ ఇంకో బేరం వచ్చింది, అదే నాజిల్."

"ఎవరండీ?"

"మూల షాపు గుమాస్తా. ఉంది, కూర్చోమన్నాను."

నేను ఎదురుగా ఉన్న మూల షాపాయన్ని చూశాను. ఆయన నన్ను చూసి నవ్వి, వచ్చేస్తుంది అన్నట్టు చెయ్యి ఊపాడు.

"షావుకారు గారూ, నేను కూర్చున్నది మూల షాపులోనే."

షావుకారు గారు ఫోను పట్టుకునే స్టూలు వైపు తిరిగి చూసినట్టున్నారు.

"మరి అతను టీ తాగేశాడే," అన్నారు.

వీధి మొత్తం ఒకే గోడౌన్ అన్నాను కదా. ఆ గోడౌన్ గుమ్మాలు ఒక్కొక్కటే పాత ఇనుములోకి వెళ్లిపోయి, చివరికి షావుకారు గారిదొక్కటే మిగిలింది. అందరూ ఉంది అంటూనే ఉన్నారు. అందరి గుమాస్తాలూ ఒకే చోటికి వస్తున్నారు.

తిరిగొచ్చి కౌంటర్ దగ్గర ఉత్త చేతులు చూపించాను. మిగతా సామానంతా కట్టలు కట్టి ఉంది. గడువు ఇవాళ్టికే. ఒక్క నాజిల్ పంపలేకపోతే ఖాతా మూత, ఖాతాతో పాటు గోడౌన్. ఆ అమ్మాయే అంది.

"లేదని చెబుదామండీ."

"ఎవరికి?" అన్నారు షావుకారు గారు.

"ఆర్డరిచ్చినాయనకి. మా దగ్గర లేదు, ఉందని చూపించడం మా పొరపాటు అని రాద్దాం. ఆయనే రద్దు చేసుకుంటే మన మీద మచ్చ పడదు. చేసుకోకపోతే మన ఖర్మ."

"నా షాపులో లేదు అని నా చేత రాయిస్తావా అమ్మాయ్? మా అమ్మ చేపల గంప ముందు కూర్చుని కూడా ఆ మాట అనలేదు. కొర్రమీను అడిగినావిడని కూర్చోబెట్టి, పక్క గంపలోది తెచ్చి ఇచ్చేది."

"పక్క గంపలో ఉండబట్టి కదండీ. ఇవాళ పక్క గంపల్లో కూడా లేదు."

షావుకారు గారు ఆ ఖాళీ నూనె కాగితాన్ని మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు. తర్వాత పైకి వచ్చారు, మా గదిలోకి.

"రాయి. మర్యాదగా రాయి."

రాసింది. తెలుగులో చెప్పమన్నారు, చెప్పింది.

"'ప్రస్తుతానికి' లేదు అని పెట్టు."

"అలా అంటే వస్తుందని ఆశపెట్టినట్టండీ. వస్తుందా?"

"రాదు. ఆ కంపెనీయే మూసేశారు."

"మరి?"

"తీసెయ్," అన్నారు. ఆ అమ్మాయి పంపేటప్పుడు ఆయన కిటికీలోంచి ఎదురు వరుస వంక చూస్తున్నారు.

మిగిలిన పార్సెళ్లు చంకన పెట్టుకుని పోస్టాఫీసుకు పరుగెత్తిన మనిషిని నేనే అని మా అపార్ట్‌మెంటులో అందరికీ తెలుసు. ఆటోలో వెళ్లాను. పార్సెళ్లు ఆ అమ్మాయి ఒళ్లో ఉన్నాయి. కౌంటర్‌లోని పెద్దావిడ ఇన్ని దేశాల పేర్లు ఒకేసారి చూసి, "ఎవరైనా పోయారా అండీ, ఇన్ని దేశాల చుట్టాలకూ పంపిస్తున్నారు?" అంది. గడువులోనే రసీదులన్నీ చేతికొచ్చాయి. ఇంక ఒక్కటే మిగిలింది, అది మా చేతిలో లేదు.

తిరిగొచ్చేసరికి షావుకారు గారు మా గదిలో నా కుర్చీలో కూర్చుని, తెర వంక కదలకుండా చూస్తున్నారు. మేం వెళ్లినప్పటి నుంచీ అలాగే ఉన్నారట. మెయిల్ వచ్చింది, తెరవడానికి చెయ్యాడలేదు.

ఆ అమ్మాయి తెరిచింది. నాలుగు ముక్కలు. నిజం చెప్పినందుకు కృతజ్ఞుణ్ణి; ఈ నాజిల్ ఉందని చెప్పి నన్ను నెలల తరబడి తిప్పినవాళ్లు ఉన్నారు; ఆర్డరు నేనే రద్దు చేశాను; ఇంతకీ దానికి వేసే రాగి వాషర్లు ఉన్నాయా?

నేను కుర్చీ లేక నేల మీదే కూలబడ్డాను. కింద కమాన్‌కట్టల మీద సుత్తి పడుతూనే ఉంది, మానిటర్ కదులుతూనే ఉంది, అంత మధురమైన చప్పుడు నేను వినలేదు. షావుకారు గారు కండువాతో మొహం తుడుచుకున్నారు. ఒకసారి తుడిచి, కండువా దించి, మళ్లీ తుడుచుకున్నారు.

"వాషర్లు ఉన్నాయని రాసెయ్యనా అండీ?" అంది ఆ అమ్మాయి. "బోలెడు ఉన్నాయిగా."

ఆయన లేచారు.

"ఆగమ్మా," అన్నారు. "లెక్కపెట్టి వస్తాను."

ఆ మర్నాడే మర్యాదస్తుణ్ణి తీసేసి కోపిష్ఠిని బిగించాం. నా స్టాకు ప్రోగ్రాములో ఆ లైను ఆ అమ్మాయి తీసేస్తుంటే నేను పక్కన నిలబడి చూశాను. తీసేశాక కూడా పని అయిపోలేదు. ఒకటి అని ఉన్న ప్రతి సరుకూ అనుమానమే; నిజంగా ఒకటా, నేను చేసిన ఒకటా? గోడౌన్‌లో ప్రతి పెట్టె తెరిచి చూశాం. సాయంత్రానికి తెర మీద సున్నాలు వరుసగా వచ్చి నిలబడుతుంటే షావుకారు గారు, "ఇన్నా మాస్టారూ?" అన్నారు. ఇన్నేనండీ అన్నాను. మిగిలినవి మాత్రం నిజంగా ఉన్నాయి. అవి చాలు. ఏడాది తిరిగేసరికి గోడౌన్‌లో వెనక గోడ కనిపించింది. ఆ గోడకు కిటికీ ఉందని ఆయనకు అప్పుడే తెలిసింది.

కాబట్టి పిల్లలూ, లైబ్రరీ ఎంచేటప్పుడు అది బాగా నడిచినప్పుడు ఎలా ఉంటుందో చూసి మోసపోకండి. వైరు పీకి చూడండి. అప్పుడు ఏమంటుందో అదే దాని గుణం. ఈ సూత్రం నేనే కనిపెట్టానని మా మేనల్లుడి కాలేజీలో బోర్డు మీద కూడా రాశాను. వైరు పీకింది ఎవరో మీకు తెలుసు. ఆ అమ్మాయి ఇప్పుడు పెద్ద హోదాలో ఉంది. సాయంత్రానికి ఇంటికి పోతూనే ఉంది. కట్టుకున్నవాడు ప్రతిదానికీ వాదిస్తాడట, చాలా హాయిగా ఉందని చెప్పింది.

దసరా వెళ్లాక పాత ఇనుము వ్యాపారి చెప్పిన మాట ప్రకారం వచ్చాడు. షాపు ముందు లారీ ఆగింది. వెనక కాటా. నేను అప్పుడు కౌంటర్ దగ్గరే ఉన్నాను. ఇది మాత్రం పెంచి చెప్పడం లేదు.

"తూకానికి సరుకు ఉన్నట్టేగా అండీ?" అన్నాడు.

షావుకారు గారు చేతిలోని పార్సెల్‌కు దారం ముడి వేసి, తలెత్తి ఆయన మొహంలోకి చూశారు.

"లేదండీ," అన్నారు.

పాత ఇనుము వ్యాపారి ఆ వీధిలో పుట్టి పెరిగిన మనిషి. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. లేదంటే నిజంగానే లేదని ఆయనకు అర్థం కావడానికి రెండు టీలు పట్టింది.